ఫ్లష్ ట్యాంకు కనెక్షన్ పైపు ఎందుకు కారుతుంది, ఎలా మార్చుకోవాలి

శ్రీకాకుళంలో మొదటి అంతస్తు అద్దె ఇంట్లో ఉంటున్నామనీ, కమోడ్ వెనుక ఫ్లష్ ట్యాంకుకు నీరందించే కనెక్షన్ పైపు కింది నట్టు దగ్గర చుక్కలు పడుతున్నాయనీ, కొన్ని నెలల కిందట ప్లంబరు కొత్త పైపు వేసి, మరలకు తెల్ల టేపు చుట్టి గట్టిగా బిగించి వెళ్లినా మళ్లీ అదే చోట కారుతోందనీ రాశారు. ఈసారి స్టీలు పైపు కొని మీరే మార్చుకోవచ్చా, ఇంటి ఓనరు గారిని అడిగి మళ్లీ ప్లంబరునే పిలిపించాలా అన్నది మీ ప్రశ్న. మీరే మార్చుకోవచ్చు. అరగంట పని, ఒక స్పానరు చాలు. అయితే విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఏళ్ల తరబడి ఇళ్ల ప్లంబింగు పనులు చేయించిన అనుభవంతో ఒక మాట ముందే చెబుతాను. ఇలా మళ్లీ మళ్లీ కారే చోట పైపులో లోపం ఉండటం అరుదు. ఎక్కువసార్లు లోపం బిగించిన తీరులోనే ఉంటుంది. అది తెలియకుండా పైపు మాత్రమే మారిస్తే, ఎంత ఖరీదైన పైపు తెచ్చినా ఇదే ప్రశ్న మళ్లీ అడగవలసి వస్తుంది.

ఈ పైపు రెండు చివర్లా ఉన్న నట్లలో ఒక్కొక్క రబ్బరు వాషరు ఉంటుంది. నీటిని ఆపేది ఆ వాషరే. నట్టు మరలు చేసే పనల్లా వాషరును ఎదుటి అంచుకు సమంగా అదిమి పట్టి ఉంచడం. కుక్కరు మూతలో ఆవిరిని ఆపే పని గ్యాస్కెట్‌ది, మూతను పట్టి ఉంచే పని హ్యాండిల్‌ది అయినట్టే ఇదీను. అందువల్ల ఈ మరలకు టేపు చుట్టడం వల్ల ప్రయోజనం లేకపోగా నష్టం ఉంది: టేపు మందం వల్ల నట్టు చివరిదాకా దిగకముందే బిగుసుకుపోయినట్టు చేతికి అనిపిస్తుంది, లోపల వాషరు మాత్రం అంచుకు సరిగా ఆనదు. అప్పుడు చుక్క కనబడుతుంది, చుక్క కనబడగానే మరో అర చుట్టు బిగిస్తారు, దానితో వాషరు ఒక పక్కకు నలిగిపోతుంది లేదా అంచు కోసుకుని చీలుతుంది. ఆ రోజుకు నీరు ఆగినా, నలిగిన రబ్బరు నెలలు గడిచే కొద్దీ గట్టిపడి మళ్లీ దారి ఇస్తుంది. మీ ఇంట్లో జరిగింది ఇదే అయి ఉంటుందని నా అంచనా.

నిజానికి మన ఇళ్లలో అంత బలంగా బిగించవలసిన ఒత్తిడి కూడా ఉండదు. నీటిమట్టం ఒక మీటరు ఎత్తున ఉంటే కింద చదరపు సెంటీమీటరుకు సుమారు 0.1 కిలో ఒత్తిడి వస్తుంది. రెండంతస్తుల ఇంటి స్లాబు మీద ట్యాంకు పెట్టారనుకుంటే, మొదటి అంతస్తు బాత్‌రూములో మీ నట్టు దగ్గర ఉండే ఒత్తిడి అర కిలో చుట్టుపక్కలే ఉంటుంది. మంచి వాషరు సరైన చోట కూర్చుంటే చేతి బిగింపుకే ఆగిపోయే ఒత్తిడి అది. అపార్టుమెంట్లలోనూ, ఈ మధ్య కట్టిన కొన్ని ఇళ్లలోనూ ప్రెషరు పంపు పెట్టుకుంటున్నారు. అక్కడ రెండు మూడు కిలోల దాకా ఉండవచ్చు కాబట్టి పైపు నాణ్యత విషయంలో రాజీ పడకూడదు.

కొనడానికి బయలుదేరే ముందు, నీరు నిజంగా ఎక్కడి నుంచి వస్తోందో తేల్చుకోండి. నీరు పైనుంచి పైపు వెంట జారి వచ్చి కింది నట్టు దగ్గరే చుక్క కడుతుంది కనుక, చుక్క పడే చోటు, కారే చోటు ఒకటే కానవసరం లేదు. ట్యాంకు అడుగు, పై నట్టు, పైపు, కింది నట్టు, యాంగిల్ కాక్ (గోడ నుంచి ఈ పైపుకు నీరు వదిలే చిన్న కొళాయి), అది గోడలోకి వెళ్లే చోటు, అన్నింటినీ పొడి గుడ్డతో శుభ్రంగా తుడిచి, పైనుంచి మొదలుపెట్టి ఒక్కొక్క చోట టిష్యూ కాగితం ముక్క ఆనించి చూడండి. ఏది మొదట తడిస్తే అదే మూలం. అప్పటికీ తేలకపోతే యాంగిల్ కాక్ పూర్తిగా కట్టేసి, ఫ్లష్ నొక్కి ట్యాంకు ఖాళీ చేసి, మళ్లీ అంతా తుడిచి కాసేపు ఆగండి. ట్యాంకు ఖాళీగా ఉండి, కాక్ మూసి ఉన్నా చెమ్మ వస్తూనే ఉంటే, కాక్ గోడలోకి వెళ్లే మర దగ్గరో, కాక్ స్పిండిల్ (పిడితో పాటు తిరిగే కాడ) దగ్గరో కారుతోందని అర్థం, లేదా కాక్ పూర్తిగా మూసుకోవడం లేదు. ఖాళీగా ఉన్నప్పుడు ఆగి, ట్యాంకు నింపి కాక్ కట్టేసిన తరవాత కూడా కారుతుంటే, ట్యాంకు అడుగున ఇన్‌లెట్ వాల్వును (ట్యాంకులోకి నీరు వదిలే భాగాన్ని) పట్టి ఉంచే పెద్ద నట్టు, దాని రబ్బరు చూడాలి. పక్కనుంచి పై భాగంలో నీరెక్కే ప్లాస్టిక్ ట్యాంకుల్లో ఈ చివరి సమస్య రాదు, ఎందుకంటే ఆ రంధ్రం నీటిమట్టానికి పైన ఉంటుంది. కాక్ తెరిచి ఉన్నప్పుడు మాత్రమే కారితే అప్పుడు తప్పు పైపుదో, దాని రెండు నట్లదో.

ఇక పైపు సంగతి. పాత పైపును విప్పి వెంట తీసుకువెళ్లడం అన్నిటికన్నా ఉత్తమం, కానీ అంతసేపు నీళ్లు లేకుండా ఉండలేమనుకుంటే కాక్ మూతి నుంచి ట్యాంకు మూతి దాకా ఒక తాడు వదులుగా, కొద్దిగా వంపు తిరిగేలా పట్టి కొలవండి. అంగళ్లలో 12, 18, 24, 36 అంగుళాల పైపులు దొరుకుతాయి. మీ కొలత కన్నా ఒక మెట్టు పెద్దది తీసుకోండి. చాలకపోయిన పైపును లాగి బిగిస్తే నట్టు వంకరగా కూర్చుంటుంది, మరీ పొడవైనదాన్ని మెలి తిప్పి సర్దితే మడత పడిన చోట కొన్నాళ్లకు పగులుతుంది. మరల కొలత దగ్గర చాలామంది తికమక పడతారు. మన దగ్గర యాంగిల్ కాక్‌లకూ, ట్యాంకు ఇన్‌లెట్‌లకూ సాధారణంగా వాడేది అరంగుళం మర, దాన్నే 15 ఎం.ఎం. అని కూడా అంటారు. కానీ స్కేలు పెట్టి కొలిస్తే ఆ మర బయటి వ్యాసం దాదాపు 21 మిల్లీమీటర్లు ఉంటుంది. అది చూసి ముప్పావు అంగుళం అనుకుని కొనుక్కొచ్చి మళ్లీ అంగడికి తిరిగేవారిని చూశాను. పేరు లోపలి రంధ్రాన్ని బట్టి వచ్చింది, బయటి కొలతను బట్టి కాదు. విదేశీ తరహా వన్‌పీస్ కమోడ్లలో కొన్నిటికి ట్యాంకు వైపు మర వేరేగా ఉంటుంది, వాటికి మాత్రం పాత పైపు చూపించి అడగడం తప్పదు.

తెల్లని పీవీసీ పైపు, స్టీలు అల్లిక ఉన్న పైపు, ఈ రెంటిలో స్టీలుదే మేలని చాలామంది కళ్లు మూసుకుని చెబుతారు. నేను అలా చెప్పను. స్టీలు పైపులో నీరు ప్రవహించేది లోపలి రబ్బరు గొట్టంలోనే. పైన ఉన్న అల్లిక ఆ గొట్టం ఉబ్బకుండా పట్టి ఉంచుతుంది. అల్లికలో తీగలు తెగడం మొదలైతే ఆ చోట గొట్టం బుడగలా ఉబ్బి, చెప్పాపెట్టకుండా పగులుతుంది. పీవీసీ పైపు ఎక్కువసార్లు ముందు నట్టు దగ్గర చుక్కలు వేసి మనకు తెలియజేస్తుంది, స్టీలు పైపు అంత మర్యాద చూపదు. కాబట్టి స్టీలు కొంటే మంచిదే కొనాలి. అల్లిక 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలుదని ప్యాకెట్టు మీద ఉందో లేదో చూడండి. నట్టు లోపలి మరల రంగు గమనించండి: పసుపుగా ఉంటే ఇత్తడి, బూడిద రంగులో ఉంటే చవక మిశ్రమ లోహం. అంగడివాళ్లు అయస్కాంతం పెట్టి చూపిస్తే నమ్మకండి, ఎందుకంటే సన్న తీగగా లాగినప్పుడు మంచి స్టెయిన్‌లెస్ స్టీలు కూడా కొద్దిగా అయస్కాంతానికి అంటుకోవచ్చు.

మన జిల్లాల్లో స్టీలు పైపులను నిజంగా తినేసేవి రెండు ఉన్నాయి. ఒకటి సముద్రపు గాలి. కళింగపట్నం, భావనపాడు, భోగాపురం, పూసపాటిరేగ వైపు ఇళ్లలో వెంటిలేటరు పక్కనే ఉన్న స్టీలు సామాను ఎలా చుక్కలు చుక్కలుగా తుప్పు పడుతుందో అక్కడివారికి తెలుసు. రెండోది, అంతకన్నా చెడ్డది, మనం చేతులారా పోసే యాసిడ్. బోరు నీటి వల్ల కమోడ్ మీద తెల్లటి పొర కట్టడం, దాన్ని వదిలించడానికి సీసాలలో అమ్మే యాసిడ్ పోసి తలుపు వేసి రావడం చాలా ఇళ్లలో వారం వారం జరిగే పనే. అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. దాని ఆవిరి స్టెయిన్‌లెస్ స్టీలు పైపొరను దెబ్బతీసి లోపలిదాకా గుంటలు పెడుతుంది. పైపు మీద ఒక్క చుక్క పడకపోయినా, మూసిన గదిలో ఆవిరి చాలు. మీ ఇంట్లో యాసిడ్ వాడకం ఆపడం కుదరదనుకుంటే, ప్రెషరు పంపు కూడా లేకపోతే, ఇత్తడి నట్లున్న మంచి పీవీసీ పైపే వేసుకోమని నా సలహా. వంద రూపాయలకు అటూ ఇటూగా దొరికేదాన్ని మూడు నాలుగేళ్లకొకసారి మార్చుకోవడం, రెండు మూడు వందల స్టీలు పైపు ఒక రాత్రి పగలడం కన్నా నయం. స్టీలే వేసుకుంటే యాసిడ్ వాడిన వెంటనే తలుపు, వెంటిలేటరు తెరిచి, పైపు మీద రెండు చెంబుల మంచినీళ్లు పోయండి. అల్లిక మీద గోధుమరంగు మరక ఒక్కటి కనబడినా కారేదాకా ఆగకుండా మార్చేయండి.

పనికి దిగే ముందు రెండు బక్కెట్ల నీళ్లు పట్టి పక్కన పెట్టుకోండి. మీ బాత్‌రూములో యాంగిల్ కాక్ మూసినా నీరు పూర్తిగా ఆగకపోతే స్లాబు మీద ట్యాంకు దగ్గరి గేటు వాల్వు కట్టాల్సి వస్తుంది, అప్పుడు వంటింటితో సహా ఇల్లంతా నీళ్లు ఆగిపోతాయి. కింద ఓనరు వాళ్లకూ అదే లైను అయితే వాళ్లకూ ముందే ఒక మాట చెప్పాలి. చాలా ఇళ్లలో ఈ గేటు వాల్వును ఇల్లు కట్టినప్పుడు తెరిచి, తరవాత ఎవరూ ముట్టుకోరు. ఎండకూ వానకూ బిగుసుకుపోయిన పిడిని ఒక్కసారిగా బలం పెట్టి తిప్పితే స్పిండిల్ విరిగి, అసలు పని వదిలి దాని వెంట పడవలసి వస్తుంది. అటూ ఇటూ కొద్దికొద్దిగా కదుపుతూ మూయండి. యాంగిల్ కాక్‌కూ ఇదే వర్తిస్తుంది.

నీరు ఆగిందని నమ్మకం కుదిరాక ఫ్లష్ నొక్కి ట్యాంకు ఖాళీ చేసి, కింద ఒక మగ్గు పెట్టి, ముందు పై నట్టు విప్పండి. ట్యాంకు ఇన్‌లెట్ కాడ ప్లాస్టిక్‌ది కాబట్టి నట్టు తిప్పుతున్నప్పుడు అది కూడా తిరగకుండా మూత తీసి లోపలి వాల్వును రెండో చేత్తో పట్టుకోవాలి. అది తిరిగితే లోపల నీటి మీద తేలే బంతి ట్యాంకు గోడకు తగిలి నీరు ఆగకపోవడం, అడుగు రబ్బరు కదిలి కొత్త లీకు మొదలవడం రెండూ జరగవచ్చు. పై నట్టును కిందనుంచి చూస్తూ తిప్పుతున్నాం కనుక ఎటు తిప్పాలో చాలామందికి తలకిందులవుతుంది. పైపు వైపు నుంచి నట్టును ఎదురుగా చూస్తున్నట్టు ఊహించుకుని గడియారం ముళ్లకు వ్యతిరేకంగా తిప్పితే విడుతుంది, పైనైనా కిందైనా ఇదే సూత్రం. పైపు ఊడాక పాత వాషరు కాక్ మూతికి అతుక్కుని మిగిలిపోయిందేమో వేలితో తడిమి చూడండి. దాని మీదే కొత్త వాషరు బిగిస్తే రెండూ జారి కారుతాయి. మరల మీద పాత టేపు పీచులు పూర్తిగా తీసేసి, మూతి అంచు మీద తెల్లటి గార ఉంటే నిమ్మరసంలో ముంచిన పాత బ్రష్‌తో రుద్ది, వేలికి నున్నగా తగిలేదాకా శుభ్రం చేయండి.

ఇక్కడ తొందరలో అందరూ వదిలేసే పని ఒకటుంది. కొత్త పైపు బిగించే ముందు కాక్ మూతికి మగ్గు బోర్లించినట్టు అడ్డం పట్టి, రెండు సెకన్లు తెరిచి మూయండి. గొట్టంలో ఉన్న ఇసుక, గార పెళ్లలు బయటికి వచ్చేస్తాయి. అలా చేయకపోతే అవన్నీ నేరుగా వెళ్లి ట్యాంకు ఇన్‌లెట్‌లో ఉండే చిన్న జల్లెడను మూసేస్తాయి.

కొత్త పైపు నట్లు రెండింటిలోనూ వాషరు ఉందో లేదో, అడ్డంగా కాక బల్లపరుపుగా కూర్చుందో లేదో చూసి, ముందు కింది నట్టును చేత్తో ఎక్కించండి. మర మొదలుపెట్టేటప్పుడు నట్టును కొంచెం వెనక్కి తిప్పితే మర గాడిలో పడి టక్కుమన్నట్టు తెలుస్తుంది. అప్పుడు ముందుకు తిప్పితే మర తప్పి ఎక్కదు. రెండు మూడు చుట్లు చేతి వేళ్లతో తేలికగా రావాలి. రాకపోతే మర తప్పిందని గుర్తించి వెంటనే విప్పాలి, బలం పెట్టకూడదు. పై నట్టు ప్లాస్టిక్ మర మీద ఎక్కుతుంది కాబట్టి దాని విషయంలో ఈ జాగ్రత్త మరీ అవసరం. రెండూ చేతి బిగింపు దాకా వచ్చాక కింద, అంటే ఇత్తడి మీద ఇత్తడి ఉన్న చోట, స్పానరుతో పావు చుట్టు నుంచి అర చుట్టు బిగించండి. పైన ప్లాస్టిక్ దగ్గర చేతి బిగింపు తరవాత పావు చుట్టుకు మించవద్దు. బిగించేటప్పుడు పైపు మెలి పడకుండా రెండో చేత్తో పట్టుకోండి. మెలిపడిన పైపు తనంతట తాను విప్పుకోవడానికి చూస్తూ నెలల తరబడి నట్టును వదులు చేస్తూ ఉంటుంది. టేపు ఎక్కడా వద్దు.

కాక్ నెమ్మదిగా తెరిచి, ట్యాంకు నిండాక రెండు నట్లకూ టిష్యూ ఆనించి చూడండి. చెమ్మ తగిలితే మరో చిటికెడు బిగించండి. అప్పటికీ ఆగకపోతే ఇంకా బిగించకుండా విప్పి వాషరు చూడండి. తరవాత పైపు కింద నేల మీద పాత దినపత్రిక ఒకటి పరిచి రాత్రంతా వదిలేయండి. కంటికి కనబడని చుక్క కూడా కాగితం మీద ముడతగా మిగులుతుంది. తెల్లవారి మోటారు వేసి స్లాబు ట్యాంకు నిండిన తరవాత, అంటే ఒత్తిడి అన్నిటికన్నా ఎక్కువగా ఉన్నప్పుడు, మరొకసారి చూస్తే ఇక అనుమానం ఉండదు.

పరీక్షలో కారుతున్నది యాంగిల్ కాక్ గోడ వైపు మర అని తేలితే మాత్రం ఆలోచించి అడుగు వేయండి. అక్కడ నీటిని ఆపేది వాషరు కాదు, మరలే. అందుకే టేపుకు సరైన చోటు అది. కాక్ విప్పి, మర చివర మనవైపు పెట్టుకుని, గడియారం ముళ్ల దిశలో, పలచని టేపైతే పది చుట్లకు పైగా లాగి చుట్టి బిగించాలి. గోడలో సీపీవీసీ (గట్టి ప్లాస్టిక్) గొట్టం, ఇత్తడి మర ఉన్న ఎల్బో (వంపు ముక్క) అయితే, అలవాటున్నవారు జాగ్రత్తగా చేసుకోవచ్చు. ఎక్కువ బలం పెడితే గోడ లోపల ఎల్బో పగిలి టైల్స్ కొట్టించే దాకా పోతుంది. పాత ఇంట్లో జీఐ (జింకు పూత ఇనుప) గొట్టాలు ఉంటే మీరు ముట్టుకోకండి. తుప్పు పట్టిన నిపుల్ (గొట్టాన్నీ కాక్‌నూ కలిపే చిన్న మర ముక్క) కాక్‌తో పాటే విరిగి గోడలో ఉండిపోతుంది. అది ప్లంబరు పని, ఆ ఖర్చు ఓనరు గారిది. వాషరు, పైపు వరకు మీరే పెట్టుకున్నా పెద్ద భారం కాదు కాబట్టి దాని కోసం మాట పట్టింపు అక్కరలేదు.

పైపు మార్చిన తరవాత ట్యాంకు నిండటానికి మునుపటి కన్నా ఎక్కువసేపు పడుతోందంటే పైపును అనుమానించకండి, ఇన్‌లెట్ జల్లెడ తీసి కడగండి. నాగావళికీ వంశధారకూ వరద వచ్చే రోజుల్లో నీటిలో మట్టి ఎక్కువై ట్యాంకుల అడుగున బురద పేరుకుంటుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పటిలా కరెంటు లేక దొరికిన నీటినే ట్యాంకుల్లోకి ఎక్కించుకునే పరిస్థితి వస్తే మరీను. స్లాబు ట్యాంకు కడిగించిన రోజున ఈ జల్లెడ కూడా కడగడం అలవాటు చేసుకోండి.

సంక్రాంతికో వేసవి సెలవులకో ఇల్లు తాళం వేసి ఊరు వెళ్లేటప్పుడు ఈ యాంగిల్ కాక్ కట్టేసి వెళ్లండి. ఈ పైపు పగిలి నిమిషానికి పది లీటర్లు పోయినా వెయ్యి లీటర్ల ట్యాంకు గంటా నలభై నిమిషాల్లో ఖాళీ అవుతుంది, నీటిమట్టం తగ్గగానే తనంతట తానే నడిచే మోటారు ఉంటే అది మళ్లీ నింపుతూనే ఉంటుంది. మొదటి అంతస్తులో ఉన్నారు కాబట్టి ఆ నీరు దిగేది కింద ఓనరు గారి సీలింగు లోంచే. కాక్ పక్కనే హెల్త్ ఫాసెట్‌కు (కమోడ్ పక్కన ఉండే చేతి స్ప్రేకు) రెండో మూతి ఉంటే దాన్నీ మూయండి, ఎందుకంటే ఆ గొట్టం మీద కూడా రాత్రింబవళ్లు ఇదే ఒత్తిడి ఉంటుంది. దాని నట్లలో వాషర్లు ఎలా ఉన్నాయో, స్పానరు చేతిలో ఉన్న రోజే ఒకసారి విప్పి చూసుకోండి.